బీమా ఏదని అడిగిన అత్తయ్యగారు

మా అపార్ట్‌మెంట్ బీమా గడువు పోయిన నెలలో ముగిసింది. దాన్ని కొనసాగించకుండా వదిలేసింది మా అసోసియేషన్ అధ్యక్షుడూ, ఆయన ఏమన్నా తలూపే కార్యదర్శీ. అది తప్పని వాళ్ళ మొహం మీదే చెప్పిన ఒక్క మనిషి, నాలుగో అంతస్తు అత్తయ్యగారు, మొన్న మంగళవారం పొద్దున గుండె ఆగి చనిపోయారు. వీళ్ళ వల్లే పోయారని రాద్దామని కూర్చున్నాను. అంత కోపం ఉంది. అయినా రాయను. అబద్ధం ఆవిడకు గిట్టదు.

ఆవిడ మాలో ఎవరికీ సొంత అత్త కాదు. సినిమాల్లో కోడళ్ళను కాల్చుకుతినే వేషాలు వేసీ వేసీ, ఫిల్మ్ నగర్‌లో కూరగాయల బండివాళ్ళకు కూడా అత్తయ్యగారే అయిపోయారు. సెల్ఫీ అడిగితే దిగేవారు. దిగాక, "ఇల్లు సొంతమా, అద్దెదా? పన్ను మీ పేరు మీదే వస్తోందా?" అని అడిగేవారు. సెల్ఫీకొచ్చినవాళ్ళు ఫోను జేబులో పెట్టుకుని జారుకునేవాళ్ళు.

ఇదే బిల్డింగులో కిరాయికుంటున్న మేము రెండో అంతస్తు ఫ్లాటు కొందామనుకున్నప్పుడు, పిలవకుండానే మా వెంట వచ్చారు. అమ్మ టైల్స్ చూస్తోంది, నేను బాల్కనీ చూస్తున్నాను. ఆవిడ మాత్రం బ్రోకర్‌ని పట్టుకున్నారు.

"ఇంటి పన్ను బాకీ ఉందా?"

"ఏదో కొంచెం మేడమ్, నామమాత్రం."

"అయితే నువ్వే కట్టెయ్ నాయనా."

అతను నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. ఓనరు మారినా బాకీ ఇంటినే పట్టుకుని ఉంటుందని ఆ రోజే తెలిసింది మాకు. పాత ఓనరు చేత అది కట్టించాకే అమ్మను రిజిస్ట్రేషన్‌కి వెళ్ళనిచ్చారు. రిజిస్ట్రేషన్‌కి కట్టేది ఒక్కసారే, ఇంటి పన్ను మాత్రం ఇల్లున్నన్నాళ్ళూ కట్టాలి, మున్సిపల్ రికార్డులో నీ పేరు ఎక్కించుకో అని వెంటపడ్డారు.

"బీమా ఫికర్ లేదత్తమ్మా, లోన్ ఇచ్చినప్పుడే బ్యాంకోళ్ళు చేసిన్రు" అంది అమ్మ.

"అది నీ ప్రాణానికే తల్లీ. నువ్వు పోతే అప్పు తీరుతుంది. గోడ పోతే ఎవడు కడతాడు?"

అమ్మ ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. గోడలకీ, లిఫ్టుకీ, మీటర్ల గదికీ కలిపి అసోసియేషన్ ఒక బీమా కడుతోందని తెలిశాకే మనసు కుదుటపడింది. టైలరింగ్ షాపు మీద సంపాదించిందంతా ఆ ఫ్లాటులోనే పోసింది మరి.

ఇక డాబా సంగతి. మా డాబా మీంచి జూబ్లీహిల్స్ దీపాలు బాగా కనిపిస్తాయి. అందుకని షూటింగులకిస్తారు. ఇక్కడ చాలా బిల్డింగులు చేసే పనే. ఇల్లని చెప్పి బీమా తీసుకుంటారు, ఇల్లని చెప్పి పన్ను కడతారు, పైన జనరేటర్ కేబుళ్ళు పరుస్తారు.

"సినిమావాళ్ళయ్యుండి మీరే షూటింగ్ వద్దంటే ఎలాగండీ?" అన్నాడు అధ్యక్షుడు మీటింగులో.

"వద్దనలేదయ్యా. చెప్పి ఇవ్వమంటున్నాను. బీమా కంపెనీకి చెప్పు, మున్సిపాలిటీకి చెప్పు. ప్రీమియం, పన్ను ఎక్కువైతే షూటింగు డబ్బుల్లోంచే కట్టు. దాచిపెట్టి ఇస్తే, కాలిన రోజున కంపెనీవాడు మనకు డబ్బు బదులు డైలాగు చెబుతాడు."

వీళ్ళేం చేశారో తెలుసా? చెబితే ఖర్చు పెరుగుతుందని, అసలు బీమానే మానేశారు!

నేను ఊరుకోలేదు. కరపత్రం రాసి లిఫ్టులో అంటించాను. అత్తయ్యగారు చదివి, నన్ను తలుపు దగ్గరే నిలబెట్టారు.

"ఏమే విప్లవం, అడుగడుక్కీ దోపిడీ అన్నావు. గడువు ఎప్పుడు ముగిసిందో రాయలేదేం? తిట్టు వాళ్ళకి మామూలే. తేదీ అడిగితే చెమట పడుతుంది."

ఎన్ని విప్లవ పుస్తకాలు చదివానో! ఈ మాట ఏ పుస్తకమూ చెప్పలేదు నాకు. ఆవిడ ఇంకా చాలా చెప్పాల్సి ఉండింది. నాకు ఓపిక రాకముందే వెళ్ళిపోయారు.

ఈ ఆదివారం మీటింగులో డాబాని ఏడాది పొడుగునా షూటింగులకు ఇచ్చేందుకు చేతులెత్తించుకోబోతున్నారు. బీమా మాట అజెండాలో లేదు. సంతాపం మాత్రం ఉంది, ఒక నిమిషం. ఆ నిమిషం మౌనంగా నిలబడదాం. తర్వాత నోరు విప్పుదాం: బీమా మళ్ళీ మొదలుపెట్టాకే, షూటింగు సంగతి కంపెనీకి రాసిచ్చాకే డాబా. అంతవరకూ ఒక్క చెయ్యీ లేవకూడదు.

నిన్న సాయంత్రం కూడా పైన షూటింగ్ జరిగింది. లావుపాటి నల్ల కేబుల్ మెట్ల మీదుగా పాకి, తాళం వేసిన ఆవిడ గుమ్మాన్ని ఒరుసుకుంటూ డాబా మీదకు పోయింది. వంగి చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది.

ఆదివారం పొద్దున పదింటికి, సెల్లార్‌లో. ఓనర్లూ రండి, కిరాయివాళ్ళూ రండి.