కాల్క్యులస్ కోసం పోతే పళ్ల గార

డిగ్రీ మొదటి ఏడు లెక్కల పేపరు తప్పాను. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో అవకలజం, సమాకలనం అని వల్లెవేసిన నోటితో ఉన్నట్టుండి డెరివేటివ్, ఇంటెగ్రల్ అనాల్సి వచ్చింది మరి, అని ఇంట్లో చెప్పుకున్నాను. అసలు సంగతేమిటంటే అవి నాకు తెలుగులోనూ అర్థం కాలేదు. సూత్రాలు మాత్రం నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేదాన్ని.

కాలేజీలో నా పక్కన కూర్చునే పిల్ల ఒక ఉపాయం చెప్పింది. "నెట్‌ల అన్ని ఉంటయంటనే. లెక్కలు చేసి సూపిస్తరంట. మనం చేస్తే తప్పో ఒప్పో గూడ చెప్తరంట."

కంఠేశ్వర్‌లో మా ఇంటికి దగ్గర్లోనే కొత్తగా నెట్ సెంటర్ పెట్టారు. ప్లైవుడ్ చెక్కలతో చిన్న చిన్న అరలు, అరకో పరదా. ఆ పరదాలే అమ్మకు నచ్చలేదు. "ఒక్కదానివి పోవద్దు. వదినెను తోలుకపో" అంది.

వదినది మోస్రా అనే పల్లె. ఇంటర్ పాసవగానే మా అన్నకిచ్చి పెళ్లి చేశారు. చెరకు సీజనంతా అన్న లారీ తోలుకుంటూ బోధన్ వైపే ఉండేవాడు. ఇంట్లో తోచక కూర్చున్న వదిన నా మాట పూర్తి కాకముందే చెప్పులేసుకుంది. "పా పిల్లా, గా ఇంటర్నెట్ ఎట్లుంటదో సూసొద్దాం."

ఆదివారం చర్చి నుంచి నేరుగా అక్కడికే వెళ్లాం. మేం గడప దాటామో లేదో, సెంటర్ నడిపే అన్న "అక్కలొచ్చిండ్రు!" అని లోపలికి వినపడేలా అరిచాడు. పరదాల వెనక కుర్చీలు కిర్రుమన్నాయి. ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు తల వంచుకుని బయటికి జారుకున్నారు. మమ్మల్ని చూసో, వదిన చేతిలో బైబిల్‌ను చూసో తెలియదు.

నేను ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఇంగ్లీషులో కాల్క్యులస్ అని కొట్టాను. మొదట వచ్చిన పేజీ నొక్కితే బొమ్మ పైనుంచి కిందికి మెల్లగా దిగడం మొదలుపెట్టింది. ముందు ఎర్రగా ఏదో కనిపించింది. అవి చిగుళ్లు. వాటి కింద గార పట్టి, పచ్చగా నల్లగా ఉన్న పళ్లు.

వదిన వెనక్కి జరిగింది. "అవ్వో! లెక్కలు చెయ్యకుంటె పండ్లు గిట్లయితయా?"

నేను నోరు తెరిచేలోగానే సెంటర్ అన్న మాకు మేలు చేశాననుకుని కాగితం తెచ్చి ఇచ్చాడు. "ప్రింట్ కొట్టిన చెల్లె. ఇంట్ల మంచిగ కూసోని సదువుకో."

అది అమ్మ కంట పడనే పడింది. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "గియ్యా మీ లెక్కలు? పండ్లు తోముకునుడు నేర్సుకోనీకె ఆడిదాక పోయిండ్రా ఇద్దరు?"

పళ్ల గారనూ, మూత్రపిండాల్లో రాళ్లనూ కూడా ఇంగ్లీషులో కాల్క్యులస్ అంటారని మర్నాడు కాలేజీలో డిక్షనరీ చూస్తే తెలిసింది. మరుసటి ఆదివారం పక్కన మ్యాథ్స్ అని కూడా చేర్చి కొట్టాను.

ఈసారి ఎక్కడిదో దూరదేశపు కాలేజీ వాళ్ల పేజీ తెరుచుకుంది. అందులో గుట్టలా లేచి దిగే ఒక వక్రం, దాన్ని తాకుతూ ఎర్రటి గీత. మౌస్ జరిపితే గీత వక్రం మీద పాకేది. వదిన నా చేతిలోంచి మౌస్ లాక్కుని జరపసాగింది.

"సూడు, మీ అన్న లారీ గుట్టెక్కినట్టే ఎక్కుతుంది. ముంగట మీదికి లేసింది. ఇగో, గుట్ట మీద సమంగ పన్నది. ఇగ దిగుడు షురువైంది."

నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను. "మల్ల వెనక్కి తీస్కపో వదినా. జర మెల్లగ."

గీత శిఖరం మీదికి వచ్చి అడ్డంగా పడుకుంది. పక్కనే గీత వాలు చూపే అంకె మారుతూ మారుతూ సున్నా అయింది. గరిష్ఠ విలువ దగ్గర అవకలజం సున్నా. ఎన్నిసార్లు రాశానో ఆ వాక్యం! రాసిన ప్రతిసారీ అది పరీక్షలో వచ్చే మాటే తప్ప ఇలా కంటికి కనిపించే సంగతని నాకు తట్టలేదు. "పన్నది వదినా, పన్నది!" అని అరిచేశాను. పక్క అరలోంచి ఎవరో పరదా తొలగించి చూశారు. సిగ్గేసింది గానీ నవ్వు ఆగలేదు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం అక్కడే. అభ్యాసం లెక్కలకు జవాబు కొడితే ఒప్పయితే ఆకుపచ్చగా, తప్పయితే ఎర్రగా చెప్పే పేజీ దొరికింది. సమాకలనం మొదలుపెట్టగానే అంతా ఎరుపే. నా జవాబు సరైనదేనని నాకు గట్టి నమ్మకం. వదినకు కోపమొచ్చింది.

"ఓ అన్నా, నీ కంప్యూటర్‌కు లెక్కలొస్తయా రావా?"

"సర్వర్ డౌన్ ఉన్నట్టుంది అక్కా" అన్నాడాయన. కరెంటు పోయినా, మౌస్ కదలకపోయినా ఆయన చెప్పే కారణం అదే.

చివరికి కిందున్న సూచన కూడబలుక్కుని చదివాను. జవాబు చివర 'ప్లస్ సి' పెట్టడం మరిచానట. పెట్టగానే పచ్చబడింది.

"గా సి ఏంది?" అంది వదిన.

నాకూ సరిగ్గా తెలియదు. చెప్పడం మొదలుపెట్టి, చెబుతూ చెబుతూ తెలుసుకున్నాను. వాలు ఎంతో చెబితే గుట్ట ఆకారం గీయగలం గానీ, అది ఎంత ఎత్తున మొదలైందో చెప్పలేం. ఆ తెలియని ఎత్తుకే సి అని పేరు.

"అంటే గుట్ట దొరికింది గని, అది ఏ ఊర్ల ఉన్నదో తెల్వదు. గంతేనా?"

"గంతే."

"గా ముక్క మీ సార్లు చెప్పలేదా?"

చెప్పే ఉంటారు. అప్పుడు నేను సూత్రం దింపుకుంటూ ఉండి ఉంటాను.

మళ్లీ రాసినప్పుడు పేపరు పాసయ్యాను. గొప్ప మార్కులేం కావు. అమ్మ పాయసం చేసింది. ఆ సాయంత్రం వదిన మెల్లగా, తనూ ఓపెన్ డిగ్రీ కడతానంది. అన్న కాసేపు బుర్ర గోక్కుని సరేనన్నాడు. నేను ఎగిరి గంతేసి, "లెక్కలు తీస్కో వదినా, నేను చెప్త" అన్నాను.

వదిన నన్ను ఎగాదిగా చూసింది. "లెక్కలు పక్కన కూసోని సూడనీకె మంచిగుంటయి పిల్లా. చేసుడు నీతోనే ఉండని. నేను చరిత్ర సదువుకుంట."