అమరేందర్, మరుపు నేర్చిన మిషను

మోత్కూరు రైతుబిడ్డ అమరేందర్ లెక్కల్లో ఎమ్మెస్సీ చేసి, 1966లో హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో కంప్యూటర్ దగ్గర కొలువుకు కుదిరాడు. మిషను గది నిండా ఉండేది గానీ దాని జ్ఞాపకశక్తి బహు తక్కువ. పగలంతా జీతాల లెక్కలే. సాయంత్రం ఒక్క గంట మాత్రం అతనికి వదిలేవారు.

ఆ గంటకు పని పెట్టింది మేనమామ అంజయ్య. జడ్చర్ల దగ్గర ఒక పల్లీనూనె మిల్లులో మేనేజరు ఆయన. మిల్లులోకి వచ్చే రైలు పట్టాలు మూడు పాయలుగా చీలేవి, మూడూ పొట్టివే. ముందు పోవాల్సిన వ్యాగన్ ఎప్పుడూ వెనకే చిక్కుకునేది.

"దినమంతా ఇంజన్‌తోని ముందుకు ఎనుకకు గుంజుడే అయితాంది అల్లుడా. తక్కువ గుంజుళ్లల్ల వరుస ఎట్ల కుదురుతదో నీ మిషన్‌ను జర అడుగు," అన్నాడాయన.

అమరేందర్ ప్రోగ్రాం రాసి, మిషను చదివే అట్టకార్డుల మీద చిల్లులుగా కొట్టించాడు. మిషను వ్యాగన్లను రకరకాలుగా జరిపి చూడాలి. చూసిన ప్రతి అమరికనూ గుర్తుపెట్టుకోవాలి, మళ్లీ అక్కడికే రాకుండా. కాసేపటికే అమరికలు పుట్టలోంచి ఉసిళ్లలా లేచాయి. జాగా నిండి మిషను ఆగిపోయింది. మర్నాడూ అంతే. అతను కార్డుల కట్టను బల్లకేసి కొట్టాడు.

"సార్, మెమరీ ఇంకొంచెం తెప్పియ్యరాదుండ్రి," అని ఆఫీసరును అడిగాడు.

"అది బయటి దేశం నుంచి రావాలె. నువ్వు రిటైరయ్యేలోపు వస్తే నీ నసీబు!"

ఇంట్లో అమరేందర్ పల్లీకాయలను వ్యాగన్లలా పేర్చి తనే జరుపుతూ కూర్చునేవాడు. "తినేటియి గిట్ల ఆగం చేస్తవేంది?" అని భార్య మంజులత విసుక్కునేది. అలా జరుపుతుంటేనే ఒకటి తట్టింది. తనకు గుర్తుండేది ఇప్పుడు నడుస్తున్న దారి ఒక్కటే. మిషనుకు మాత్రం అన్నీ ఎందుకు? మూడు గుంజుళ్లలో అయ్యేది వెతకాలి. దొరక్కపోతే అంతా మరిచిపోయి, నాలుగు గుంజుళ్లలో అయ్యేదాని కోసం మొదటినుంచి మొదలుపెట్టాలి. తర్వాత అయిదు.

ఈసారి జాగా నిండలేదు. కానీ గంట అయిపోయింది, జవాబు రాలేదు.

"సూసిందే సూసుడేంది? మిషన్‌ను పిచ్చిదాన్ని చేస్తున్నవా?" అన్నాడు ఆఫీసరు. బతిమాలితే ఒక్క ఆదివారం ఇచ్చాడు. సోమవారం కదలాల్సిన వ్యాగన్ల వరుసను అంజయ్య దగ్గర తీసుకుని మిషనుకు ఇస్తే, పొద్దు వాలుతుండగా జవాబు అచ్చయి వచ్చింది.

మర్నాడు జడ్చర్లలో ఇంజన్ అతను తెచ్చిన ఆ కాగితం ప్రకారమే నడిచింది. భోజనాల వేళకు వ్యాగన్లన్నీ వరుసలోకి వచ్చాయి. అంజయ్య అల్లుడి భుజం తట్టి, "మరి రేపటిది?" అన్నాడు.

"రేపటి వరుస వేరే గదా మామా. మల్ల ఐతారం గావాలె."

"ఐతారం దాక బండ్లు ఆగుతయా బిడ్డా?"

అమరేందర్‌కు ఏడుపొచ్చినంత పనైంది. తిరుగు బస్సులోనే ఇంకో ఉపాయం ఆలోచించాడు. ఒక గుంజుడుకు ఒక్క వ్యాగనే జరుగుతుంది గనక, తప్పుచోట ఉన్న ఒక్కో వ్యాగన్‌కు కనీసం ఒక్క గుంజుడైనా కావాలి. అనుకున్నవాటిలో మిగిలిన గుంజుళ్లు అంతకన్నా తక్కువైతే ఆ దారిని అక్కడికక్కడే వదిలేయొచ్చు, సాయంత్రం గంటలోనే జవాబు తేలొచ్చు. వారంలో కొత్త కార్డులు సిద్ధం చేశాడు. అప్పటికి సాయంత్రం గంట కూడా జీతాల లెక్కలకే పోయింది. ఎంత అడిగినా తిరిగి ఇవ్వలేదు.

రెండేళ్లు చూసి నల్గొండలో ఒక కాలేజీలో లెక్చరరుగా చేరాడు. అక్కడ మిషనే లేదు. పిల్లలకు బోర్డు మీద ఆ పద్ధతి గీసి చూపించేవాడు. "నడుస్తదా సార్?" అని ఎవరన్నా అడిగితే ముఖం చిట్లించేవాడు.

"నడుస్తదనే అనుకుంటున్న. నడిపి సూడనియ్యలే."