విక్టోరియా తలకి ఏడు కుట్లు

మా ఆవిడ విక్టోరియా తలకి ఏడు కుట్లు పడ్డాయండీ. కొట్టినవాడు కలిదిండిలో చేపల చెరువుకి కాపలా ఉండే జగ్గారావు. వాడి పేరెత్తితే ఇప్పటికీ నా ఒళ్ళు మండిపోతుంది.

విక్టోరియా ఏలూరులో నర్సు. ఇక లాభం లేదని ఆసుపత్రులు ఇంటికి పంపేసిన రోగుల దగ్గరికి ఊరూరా తిరుగుతుంది. జబ్బు నయం చెయ్యడానికి కాదు, ఉన్న నాలుగు రోజులూ నొప్పి లేకుండా చూడ్డానికి. నేను రాజరత్నాన్ని, రిటైరైన ఇంగ్లీషు మాస్టర్ని. ఆవిడకి స్కూటరు డ్రైవర్ని, నెలకోసారి జరిగే ఆన్‌లైన్ మీటింగులో దుబాసీని. కెన్యా, ఫిలిప్పీన్స్, ఐర్లండ్, ఇంకా ఎక్కడెక్కడి నుంచో ఇదే పని చేసేవాళ్ళు అందులో కలుస్తారు. మందుల ఇంగ్లీషు మా ఆవిడకి బాగానే వచ్చు గానీ వాళ్ళ యాసంటే హడలు.

జగ్గారావు తల్లి అచ్చాయమ్మకి నోటి కేన్సరు. నొప్పి తన్నుకొస్తే తల గోడకేసి బాదుకునేది. ఆ కేకలు వినలేక నేను వీధిలోనే నిలబడేవాణ్ణి. నొప్పికి డాక్టరు రాసిన మార్ఫిన్ మాత్రలు మొదలెట్టిన రోజు, మధ్యాహ్నానికల్లా కేకలు ఆగిపోయాయి. ముసలావిడ ఎన్నాళ్ళకో నిద్రపోయింది. విక్టోరియా పొంగిపోయి, చెరువు మీదున్న కొడుక్కి ఫోన్ చేసింది.

"బాబూ, అమ్మకి పోయిందండీ!" అంది.

నొప్పి పోయిందని చెప్పొద్దూ? సంతోషంలో ఆ ముక్క మింగేసింది. అవతల చెరువు నీళ్ళు చిలికే ఏరేటర్ల గోలలో వాడికి 'అమ్మ పోయింది' అని వినబడింది. అది మత్తుమందు, మీ అమ్మని నిద్రలోనే చంపేస్తారని ఇరుగుపొరుగు అప్పటికే వాడికి నూరిపోసి ఉన్నారు.

గెడకర్ర పట్టుకుని వచ్చాడండీ వెధవ. మాటా లేదు, పలుకూ లేదు. గుమ్మంలో నిలబడ్డ విక్టోరియా నెత్తి మీద ఒక్కటిచ్చాడు. గోడంతా రక్తం. ఆవిడ కూలిపోయాక ఇంకోటి వెయ్యబోయాడు. నాకు అరవై మూడేళ్ళు. ఎక్కడి బలం వచ్చిందో, వాడి జుట్టు పట్టుకుని మొహం గడపకేసి కొట్టాను. పన్ను ఊడి కింద పడింది. పాపం అనిపించలేదు. ఇప్పటికీ అనిపించదు.

ఆ గోలకి అచ్చాయమ్మ కళ్ళు తెరిచి మూలిగింది. తల్లి బతికే ఉందని వాడు చూశాడు. చూసి కూడా, నోట్లోంచి రక్తం ఉమ్ముతూ, "మళ్ళీ మా గుమ్మం తొక్కితే నరికేస్తాను" అని మాత్రల డబ్బా కాలవలోకి గిరాటేశాడు.

కుట్లు వేయించుకుని ఇంటికొచ్చిన విక్టోరియా మందుల సంచీ మూలన పడేసింది. "ఇక నావల్ల కాదండీ, మానేస్తాను" అంది. అమ్మయ్య అనుకున్నాను. ఐదోరోజున మీటింగు. అందరికీ చెప్పి సెలవు తీసుకుందామని కూర్చుంది. ఆ మాట నేను మహా ఉత్సాహంగా ఇంగ్లీషులో పెట్టాను.

తెర మీద కెన్యా నర్సు వంజికు చొక్కా చెయ్యి పైకి లాగింది. మణికట్టు నుంచి మోచేతి దాకా కత్తి గాటు. రోగి తమ్ముడు నరికాడట.

"తర్వాత ఆ రోగి ఏమయ్యాడు?" అని విక్టోరియా అడిగింది.

వంజికు చెప్పింది: "భయమేసి మళ్ళీ వెళ్ళలేదు. ఆరు రోజులు అరిచి అరిచి పోయాడు. పదకొండేళ్ళయింది, నాకింకా వినబడుతూనే ఉంది."

నేనేం చెప్పానో తెలుసా? "వేరే నర్సు వెళ్ళిందట, ప్రశాంతంగా పోయాడట" అన్నాను. ముప్పై ఏళ్ళు పిల్లలకి ఇంగ్లీషు చెప్పిన నోటితో పచ్చి అబద్ధం ఆడాను.

విక్టోరియా తెరకేసి చూసింది. "ప్రశాంతంగా పోతే ఆవిడెందుకండీ ఏడుస్తోంది?" అని లేచి మందుల సంచీ తీసింది.

తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. పక్కకి తోసింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, చెయ్యెత్తాను.

"కొట్టండి. కుట్లింకా పచ్చిగానే ఉన్నాయి" అంది.

నా చెయ్యి దానంతటదే దిగిపోయింది. స్కూటరు తీశాను.

కలిదిండిలో వాళ్ళ వీధి మలుపు తిరగకముందే అచ్చాయమ్మ కేక వినబడింది. తల బాదుకోకుండా కొడుకే రెండు చేతులూ మంచానికి కట్టేశాడు. తాడు ఒరుసుకుని మణికట్లు పుండ్లు పడ్డాయి. వాడు గడప మీద కూర్చుని ఉన్నాడు, పక్కన అదే గెడకర్ర. నేను హెల్మెట్ తీసి బిగించి పట్టుకున్నాను. ఈసారి వాడు కదిలితే బుర్ర పగలగొట్టేవాణ్ణే.

విక్టోరియా వాడి ముందుకెళ్ళి నిలబడింది. "లే బాబూ, నీళ్ళు పట్రా. మాత్ర నూరి పట్టాలి."

వాడు లేచాడు. సగం నీళ్ళు దారిలోనే ఒలికిపోయాయి. మాత్ర పట్టాక కేక మూలుగై, మూలుగు ఆగి, ముసలావిడ నిద్రలోకి జారింది. అప్పుడు వాడు మంచం పక్కన కూలబడి తల్లి చేతికున్న తాడు విప్పబోయాడు. బిగిసిన ముడి రావడంలేదు. "అమ్మా, రావట్లేదే" అంటూ ఏడుస్తున్నాడు.

నేను హెల్మెట్ కింద పెట్టి, మంచానికి అటువైపు వెళ్ళి రెండో చెయ్యి విప్పాను.