దర్జీ సాయిబు గారి గోడ

మా చోడవరంలో ఒక దర్జీ సాయిబు గారుండేవారు. సాయంత్రం మిషను కట్టేసి, కడుతున్న మసీదు గోడని అరచేత్తో తడిమి గాని ఇంటికెళ్ళేవారు కాదు. నమాజు చేసుకునే పాత పాకలో జనం పట్టక, పెద్ద మసీదు కోసం ఊళ్ళో సాయిబులంతా ఏళ్ళ తరబడి పాటుపడుతున్నారు.

ఒక ఏడు తుఫాను వానలకి నానిన గోడ కూలి, అక్కడే తాపీపని చేస్తున్న ఆయన ఒక్కగానొక్క కొడుకు పోయాడు.

ఖననమైన మర్నాడు, ఇక కట్టడం ఆపేద్దామని చెప్పడానికి వాళ్ళ పెద్దలు బయల్దేరితే నేనూ వెళ్ళాను. ఆయన బురదలో కూర్చుని ఇటికలు కడుగుతున్నారు.

"ఇంకెందుకు సాయిబు గారూ?" అన్నాను.

"నిన్న మావోడి శవం ముందు ఆఖరి నమాజు వీధిలో, వానలో నిలబడి సేసేరు బాబూ. లోపల సోటు లేదు. ఇంకే తండ్రికీ అలా అవకూడదు" అన్నారు తలెత్తకుండా.

పెద్దలు ఒక్కొక్కరే చెప్పులు విప్పి బురదలోకి దిగారు.

మసీదు లేచింది. పైకప్పు వేసేనాటికి ఆయన లేరు.