గిన్నెలో అన్నం ఉండగా

మా పెద్దమ్మ పోయిందన్న కబురు ఇస్లాపూర్ పిల్ల ఫోన్ చేసి చెప్పింది. "అక్కా, మేడం పోయింది. పొద్దుగాల చాయ్ తాగుకుంటనే పోయింది" అని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. దాంతోపాటే, సొంత చెల్లెలి కూతుర్ని నేనుండగా ముందు ఈ పిల్లకెలా తెలిసిందని కడుపు మండింది.

పెద్దమ్మ నాందేడ్‌లో జూనియర్ కాలేజీలో జీవశాస్త్రం చెప్పేది. నేను కుండల్‌వాడి నుంచి వచ్చి ఆమె ఇంట్లోనే ఉండి చదువుకున్నాను. ఆ పిల్ల పెద్దమ్మ దగ్గర చదువుకోవడానికి ఇస్లాపూర్ నుంచి వచ్చి, వెనక గల్లీలో గది తీసుకుని ఉండేది. ఆదివారాలు మా భోజనాలయ్యాక పాఠానికి వచ్చేది. అప్పటికి అన్నం అయిపోయి ఉండేది కాబట్టి పెద్దమ్మ పిండి కలిపే పరాత్, పెనం, జొన్నపిండి డబ్బా దించి, ఆ ఒక్కదాని కోసం పొయ్యి వెలిగించేది. నేను భోజనానికి కూర్చున్నప్పుడు రొట్టె అడిగితే మాత్రం, "గిన్నెల అన్నం ఉండంగ రొట్టె ఎందుకే? పెట్టుకోని తిను" అనేది.

చక్కెరల పాఠం కూడా ఆ వంటింట్లోనే చెప్పింది. గ్లూకోజ్ ఉన్నంతసేపు బ్యాక్టీరియా పాలచక్కెర జోలికి దాదాపుగా పోదు. పాలచక్కెరను వాడుకోవడానికి కావాల్సిన మూడు ప్రొటీన్ల జన్యువులు ఒకే వరుసలో ఉంటాయి. పాలచక్కెర లేనప్పుడు ఇంకో ప్రొటీన్ వాటికి అడ్డంగా కూర్చుంటుంది. పాలచక్కెర వస్తే అడ్డు లేస్తుంది, గ్లూకోజ్ కూడా అయిపోతే పని జోరందుకుంటుంది, ఆ మూడూ కలిసే తయారవుతాయి.

"పరాత్ ఒకనాడు, పెనం ఒకనాడు దించుతమా? అక్కెర పడ్డప్పుడు అన్ని ఒక్కపారే దించుతం. కణం గూడ గంతే" అనేది. ఆ పిల్ల వేడి రొట్టె నములుతూ తల ఊపేది. నాకు పాఠం అర్థమయ్యేది. నా కోసం ఆ పొయ్యి ఒక్కసారైనా ఎందుకు వెలగదో అర్థమయ్యేది కాదు. ఇవాళ నేను ల్యాబులో ఉద్యోగం చేసుకుంటున్నానంటే ఆమె చలవే, అయినా ఆ ఉక్రోషం పోలేదు.

పదకొండో రోజు చుట్టాలంతా తిని వెళ్లాక వంటింట్లో ఆ పిల్లా నేనూ మాత్రమే మిగిలాం. తను ఇప్పుడు టీచరే, నాకు మాత్రం ఇంకా పిల్లే. "కూసో అక్కా, రొట్టె చేస్త" అంది.

"గిన్నెలో అన్నం ఉంది కదా" అన్నాను, కావాలనే.

"ఉండనియ్యి. మేడం నన్ను ఎన్నడన్న 'పెట్టుకోని తిను' అన్నదా? ఎప్పుడు చూసినా చుట్టానికి వండినట్టే వండింది. నువ్వు ఇంటిపిల్లవు. నిన్ను చూస్తె నాకు ఎంత మండేదో నీకేం ఎరుక?"

ఆ మాటకు నేను కరిగిపోయాననుకోకండి. తను తట్టిన రొట్టె అచ్చం పెద్దమ్మ రొట్టెలాగే ఉంది, అదీ నాకు కంటగింపే. నేను తింటుంటే తను నా ఎదురుగా కూర్చుని, గిన్నె దగ్గరికి లాక్కుని, ఎవరూ పెట్టకుండానే అన్నం పెట్టుకుని తినసాగింది.