తప్పు చెప్పడంలో మా పిన్ని

మా పిన్ని టీవీలో చూసినదాన్ని తిరిగి చెప్పేటప్పుడు ఒక్క ముక్క కూడా సరిగ్గా చెప్పదు. ఇది ఆరోపణ కాదు. ఒకే ఇంట్లో ఉంటూ, పక్కనే కూర్చుని చూసి తేల్చిన విషయం.

ఆవిడకు ప్రాణమైన హాస్య సీరియల్ ఒకటుంది. అందులో టీచరమ్మ, టైలరమ్మ, నర్సమ్మ, బ్యాంకావిడ అని నలుగురు నడివయసు ఆడవాళ్లు రోజూ సాయంత్రం ఒక వరండాలో చేరి మొరపెట్టుకుంటారు. ఒకరికి మోకాలు పట్టేస్తుంది. ఒకరు కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతుకుతారు. ఇంకొకరికి ఫ్యాను వేస్తే చలి, ఆపితే ఉక్క. కథ అంతే. అంత చిన్న కథను కూడా పిన్ని తారుమారు చేయగలదు.

"ఇవాళ నర్సమ్మ మోకాలు పట్టేసిందర్రా, పాపం!"

"పిన్నీ, అది టైలరమ్మ మోకాలు."

"ఎవరిదైతే ఏం? నొప్పి నొప్పే కదే!"

టీవీ పెద్దమ్మ గదిలోనే ఉంది, ఆవిడా మాతో చూసేది; ఈ ప్రసంగాలన్నీ ఆవిడ మంచం పక్కనే జరిగేవి. పెద్దమ్మ అంటే మా పిన్నికి తోడికోడలు. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం. మందుసీసా మీది చీటీని దిద్దేది, బస్సు వెనక రాతను దిద్దేది, అన్నిటికంటే ఎక్కువగా మా పిన్నిని దిద్దేది. ఆ మధ్య పక్షవాతం వచ్చి, కాలూ చెయ్యీ చాలావరకు తేరుకున్నాయి గాని మాట మాత్రం తిరిగి రాలేదు.

"అన్నీ అర్థమవుతున్నాయి. తప్పు పలుకుతానేమోనని నోరే విప్పడం లేదు. ఈ తొలి నెలల్లో మాట్లాడకపోతే తర్వాత చాలా కష్టం" అంది మాట నేర్పడానికి వచ్చే డాక్టరమ్మ. పిల్లి బొమ్మ చూపించి, "ఇదేమిటండీ?" అని అడిగింది. పెద్దమ్మ బొమ్మను చూసి, డాక్టరమ్మను చూసి, గోడవైపు తిరిగి పడుకుంది.

ఇంట్లో అందరం గుసగుసగా మాట్లాడుకుంటూ ఉంటే, పిన్ని ఒక్కతే గొంతెత్తి తప్పులు కుమ్మరించేది.

"అక్కా, విన్నావా! బ్యాంకావిడ కళ్లజోడు ఫ్రిజ్‌లో దొరికింది!"

నిజానికి కళ్లజోడు నర్సమ్మది. దొరికింది బీరువాలో.

బాబాయ్ విసుక్కున్నాడు. "మనిషి అలా ఉంటే నీ సీరియల్ గోలేమిటే? పోనీ ఆ చెప్పేదేదో సరిగ్గా ఏడవరాదూ?"

"గుర్తుండి చస్తే కదండీ! నాకు మాత్రం వయసు మీద పడటం లేదూ?"

నేను నీటి నమూనాలు పరీక్షించే ప్రయోగశాలలో పనిచేస్తాను. కాబట్టి నాకు ఇక్కడే అనుమానం వచ్చింది. నలుగురిలో ఒకరిని గుడ్డిగా ఎంచినా అప్పుడప్పుడు ఒప్పు తగలక మానదు. పెద్దమ్మ జబ్బు పడకముందు పిన్ని చెప్పినవాటిలో సగమైనా ఒప్పులుండేవి. ఇప్పుడు ఒక్కటీ లేదు. సరైన జవాబు క్షుణ్ణంగా తెలిసినవాళ్లు తప్ప ఇంత కచ్చితంగా తప్పు చెప్పలేరు.

వంటింట్లో హఠాత్తుగా అడిగాను. "పిన్నీ, ఆ కళ్లజోడు ఎవరిది?"

"నర్సమ్మది. బీరువాలో..." అని నాలుక కరుచుకుని, తలుపు దగ్గరగా వేసింది. "అరవకే! అక్క చెవిన పడిందంటే పడ్డ శ్రమంతా పాడవుతుంది."

"మరి బాబాయ్ చేత ఆ చీవాట్లెందుకు?"

"పిల్లి బొమ్మ చూపిస్తే మాట్లాడే మనిషా ఆవిడ? ఆవిడ నోరు తెరవాలంటే తప్పు కనబడాలే! నేను కాపురానికొచ్చిన నాటినుంచీ నాది ఒక్క తప్పు వదిలిందా? నిన్న ఫ్రిజ్ అన్నప్పుడు పెదవి కదిలింది, నువ్వు చూళ్లేదు."

మర్నాడు సీరియల్‌లో బ్యాంకావిడ కళ్లజోడు లేకుండా నోటీసు టైపు చేసి, తప్పులతడకగా గోడకు అంటించింది. పిన్ని టీవీ ఆపి, పెద్దమ్మకు ఎంతో ఇష్టమైన టీచరమ్మ మీద పడింది.

"చూశావా అక్కా, మీ టీచరమ్మ నిర్వాకం! నోటీసు నిండా తప్పులే! తనకే రానిది పిల్లలకేం చెబుతుందట?"

దిండుకు ఆనుకుని కూర్చున్న పెద్దమ్మ దుప్పటి అంచు గట్టిగా పట్టుకుంది.

"కా... దు."

పేపరుతో వస్తున్న బాబాయ్ గుమ్మంలోనే ఆగిపోయాడు. పిన్ని మాత్రం తొణకలేదు.

"కాదేమిటక్కా? ఈ కళ్లతో చూశాను, టీచరమ్మే!"

"బ్యా... బ్యాకా..." పెద్దమ్మ ఆగింది. తన తప్పు తనకే వినబడింది. మెల్లగా గోడవైపు తిరగబోయింది.

పిన్ని గబుక్కున మంచం దగ్గరికి జరిగింది. మొహంలో మాత్రం పొగరు తగ్గలేదు. "అదిగో, నీకే తెలీదు! ఒప్పేసుకో, టీచరమ్మే."

"బ్యాంకావిడ!" అంది పెద్దమ్మ, గదంతా వినబడేలా.

పిన్ని కొంగుతో ముక్కు తుడుచుకుని, బాబాయ్ మీద విరుచుకుపడింది. "వింటున్నారా మీ వదినగారిని? ఇంకా మంచం మీంచి లేవనే లేదు, అప్పుడే నా తప్పులు పట్టడం మొదలెట్టింది! ఈ ఇంట్లో నన్నొక మాట చెప్పనిస్తేగా!"

పెద్దమ్మ చూపుడువేలు పైకెత్తింది.

"పొద్దున... లేచాను" అని దిద్దింది.