సూదక్క, తోక విసిరే కారు

ఆ గ్యారేజీలో ఆవిడని అందరూ సూదక్క అంటారు. అసలు పేరు ఇంట్లోవాళ్ళకీ, పోస్టుమాన్‌కీ తప్ప ఎవరికీ అక్కర్లేదు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. మెడలో కొలత టేపు, చెవి వెనక పెన్సిలు. మాట మెత్తన. మెత్తగా ఉంది కదా అని ఎవరైనా నెట్టి చూశారో, గోడని నెట్టినట్టే. ఆ పంతం వాళ్ళ నాన్నది. పోతూ పోతూ ఆయన కొడుక్కీ కూతురికీ సమానంగా పంచిపెట్టిన ఆస్తి అదొక్కటే.

గ్యారేజీ అన్నయ్యది. మూడు కార్లు పట్టే రేకుల షెడ్డు. గోడకి స్పానర్లు వరసగా వేలాడుతుంటాయి, ఒక్కొక్కదాని వెనక దాని ఆకారమే నల్లరంగుతో గీసి ఉంటుంది. ఏది కనపడకపోయినా ఆ గీత చూసి అన్నయ్య కేకేస్తాడు. అంత పద్ధతైన మనిషి. పద్ధతి ఉన్నవాళ్ళకి ఉండే జబ్బు కూడా ఉంది, తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

సూదక్క చోటు కిటికీ పక్కన. కుట్టు మిషను, తోలు చుట్టలు, స్పాంజి ముక్కలు. కార్ల సీట్లు కుట్టడానికి పాతికేళ్ళ క్రితం వచ్చి ఆ మూల కూర్చుంది. తోలు కత్తిరించే పని నేల మీద కూర్చుని చెయ్యాలి. నిలబడి పనిచేసేవాళ్ళకి కారు పైభాగం కనిపిస్తుంది. కూర్చున్న మనిషికి ఎంతసేపూ చక్రాలే కనిపిస్తాయి. టైరు లోపలి అంచు అరిగిందా, బయటి అంచు అరిగిందా, ఏ పక్క బండి వేలెడు కుంగింది, అన్నీ ఆవిడ కళ్ళెదురుగానే ఉండేవి. మొదట్లో చూసి ఊరుకునేది. తర్వాత మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. పదిసార్లు చెబితే తొమ్మిదిసార్లు నిజమయ్యేది. ఆ పదోసారి గురించి అన్నయ్య ఇప్పటికీ కథలు చెబుతాడు.

చివరికి పోరు పడలేక చక్రాలు సరిచేసే పని ఆవిడకి అప్పజెప్పాడు. అదీ టాక్సీలు, సామాన్ల వ్యాన్ల వరకే. ఖరీదైన కారు ఏదైనా గుమ్మంలోకి వచ్చిందా, "నువ్వు సీట్లు చూసుకో చెల్లీ" అనేవాడు. ఆవిడ కిమ్మనకుండా వెళ్ళి మిషను ముందు కూర్చునేది. మనసులో మాత్రం మండిపోయేది. ఆ పనంటే ఆవిడకి ప్రాణం. వంకరగా వచ్చిన బండి తిన్నగా వెళ్తుంటే గేటు దాకా వెళ్ళి చూసి వచ్చేది, కూతుర్ని కాలేజీకి పంపినట్టు.

అలా ఉండగా ఒక సోమవారం పళ్ళ డాక్టరమ్మ కారు వచ్చింది. రెండే సీట్లు, ఇంజను సీట్ల వెనక, నేలకి జానెడెత్తు. పాతదే కానీ అసలైన స్పోర్ట్స్ కారు. ఊరవతల కొండ రోడ్డు మీద ఏటా ఒక ఆదివారం పొద్దున పోటీ పెడతారు. ఒక్కో కారే పైకెక్కాలి, ఎవరు తక్కువ సమయంలో ఎక్కితే వాళ్ళు గెలిచినట్టు. డాక్టరమ్మకి అదంటే పిచ్చి. పోటీ ఆ వారమే. కారుకి మాత్రం తెగులు పట్టింది. ఎడమ మలుపులో వెనక భాగం జారిపోయి తోక విసురుతుంది. కుడి మలుపులో ఆ బెడద లేదు, కాకపోతే ముక్కు తిరగడానికి బద్ధకిస్తుంది.

అప్పటికే రెండు గ్యారేజీలు తిరిగిందట. ఒకచోట కొత్త టైర్లు వేశారు, ఇంకోచోట గట్టి స్ప్రింగులు బిగించారు. జబ్బు అక్కడే ఉంది. ఆఖరికి ఒకాయన మలుపుల్లో నెమ్మదిగా నడపమని సలహా ఇచ్చాడట.

"పన్ను నొప్పని వస్తే నమలడం మానెయ్యమన్నట్టుంది" అంది డాక్టరమ్మ.

అన్నయ్య ఒక రోజంతా కారు కిందే గడిపాడు. బయటికి వచ్చేసరికి మొహం నిండా గ్రీజు, చేతిలో జవాబు లేదు. సూదక్క అదే కారు సీటు చిరుగు కుడుతూ, తలెత్తకుండా ఒక్క ముక్క అంది. ఏ చక్రం ఎంత బరువు మోస్తోందో ఎవరైనా తూచారా అని.

షెడ్డులో వైర్లు లాగే కరెంటు బాబాయి పక్కున నవ్వాడు. నవ్వినందుకో, డాక్టరమ్మ ముందు అన్నందుకో, అన్నయ్యకి పౌరుషం పొడుచుకొచ్చింది.

"సరే, నువ్వే చెయ్యి. కానీ ఒక మాట. ఇది బెడిసికొడితే ఇక ఏ కారు కిందా దూరకూడదు. టాక్సీ కూడా. జన్మంతా సీట్లే."

"అలాగే అన్నయ్యా" అంది సూదక్క. చేతిలో సూది మాత్రం వేలికి గుచ్చుకుంది.

మర్నాడు పాత ఇనుము కొట్టు నుంచి ఒకే రకం తూకం బల్లలు నాలుగు తెప్పించి, నాలుగు చక్రాల కిందా పెట్టించింది. ఆవిడ లెక్క అంత కష్టమైనదేం కాదు. నాలుగు కోళ్ళ మంచంలో ఒక కోడు పొట్టిదైతే, బరువంతా ఎదురుబొదురు మూలల్లో ఉన్న రెండు కోళ్ళే మోస్తాయి. మిగిలిన రెండూ ఊరికే ఆని ఉంటాయి. కారూ అంతే. ఎడమ ముందు చక్రం, కుడి వెనక చక్రం కలిసి ఎక్కువ మోస్తుంటే, ఎడమకి తిరిగినప్పుడు వెనక భాగానికి పట్టు తప్పుతుంది. ప్రతి స్ప్రింగు కిందా తిప్పితే ఎత్తు మారే రింగు ఉంటుంది. ఏ రింగు ఎంత తిప్పాలన్నదే పనితనం.

తూచే ముందు డాక్టరమ్మని సీట్లో కూర్చోబెట్టింది. తలకి హెల్మెట్, కాళ్ళకి పోటీ రోజు వేసుకునే బూట్లు, ట్యాంకులో ఆ రోజు ఉండేంత పెట్రోలే. చొక్కా కొలత మనిషి మీద తియ్యాలి కానీ హ్యాంగరు మీద కాదని ఆవిడ సిద్ధాంతం. డాక్టరమ్మ తన బరువు సూదక్క చెవిలో రహస్యంగా చెప్పింది. తూకం బల్లలు షెడ్డంతటికీ చెప్పాయి.

రింగులు సగం చుట్టు, పావు చుట్టు తిప్పుతూ, కారుని కిందికీ పైకీ ఊపుతూ, మళ్ళీ తూస్తూ మధ్యాహ్నం దాకా కూర్చుంది. ఎదురుబొదురు మూలల చక్రాల జంటలు రెండూ కిలో తేడా లేకుండా వచ్చాక రింగులు బిగించి లేచింది. డాక్టరమ్మ కారు తీసుకుని కొండ వైపు వెళ్ళింది.

రెండు గంటల్లో తిరిగొచ్చింది. దిగి, తలుపు వేసి, సూదక్క దగ్గరికి వచ్చింది.

"ఇప్పుడు కుడి మలుపులో విసురుతోంది అక్కా. రోగం తగ్గలేదు, పక్క మారింది."

అన్నయ్య గడ్డంతో కుట్టు మిషను వైపు చూపించాడు, అంతే. తిట్టినా బాగుండేది. సూదక్క వెళ్ళి కూర్చుంది. దారం ఎంతకీ బెజ్జంలోకి ఎక్కలేదు, కళ్ళ నిండా నీళ్ళున్నాయి. పదిమందిలో పోయిన పరువు ఒక ఎత్తు. ఇక చక్రం ముట్టుకోకూడదన్న బాధ దానికి పదింతలు.

అయితే ఏడుస్తూ కూడా లెక్క వేసుకునే రకం ఆవిడ. రోగం పక్క మారిందంటే మందు సరైనదే, మోతాదు ఎక్కువైంది. తను కిలో తేడా లేకుండా తూచింది. మరి మోతాదు ఎక్కడ ఎక్కువైంది? తూకం బల్లలు అబద్ధమాడాయా? లేచి వెళ్ళి ఒకే ఇసుక బస్తాని నాలుగింటి మీదా పెట్టి చూసింది. నాలుగూ ఒకే అంకె చూపించాయి. బల్లలు నిజమే చెబుతున్నాయి. అప్పుడు బల్లల కిందున్న నేల వైపు చూసింది.

ఆ నేల సంగతి చెప్పాలి. పద్దెనిమిదేళ్ళ క్రితం తాపీ మేస్త్రీ పక్కన కూర్చుని అన్నయ్య తన చేతుల్తో వేసుకున్న నేల అది. కార్లు కడిగిన నీళ్ళు మూలనున్న తూముకి పారేలా వాలు ఇచ్చాడు. చుక్క నిలవదు. కొత్తవాళ్ళెవరొచ్చినా చెంబెడు నీళ్ళు పోసి, అవి తూము వైపు పరిగెత్తడం చూపించి మురిసిపోతాడు. మామూలు కార్లకి ఆ వాలుతో పనిలేదు, మెత్తటి స్ప్రింగులు అంత తేడాని మింగేస్తాయి. రాయిలాంటి స్ప్రింగులున్న ఈ కారు దేన్నీ మింగదు.

పక్క స్థలంలో ఇల్లు కడుతున్నవాళ్ళ దగ్గర నీళ్ళ గొట్టం అడిగి తెచ్చింది. నీళ్ళు నింపిన పల్చటి పారదర్శక గొట్టం, రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే మట్టంలో నిలుస్తాయి కాబట్టి మేస్త్రీలు ఎత్తుపల్లాలు చూసేది దాంతోనే. ఎవరూ చూడకుండా నాలుగు చోట్లా పెట్టి చూసుకుంది. మూడు చోట్ల చెప్పుకోదగ్గ తేడా లేదు. కుడి ముందు చక్రం నిలబడ్డ చోటు, తూము పక్కన, బొటనవేలి మందం పల్లంగా ఉంది. ఆ చక్రం బరువు తక్కువగా కనిపించింది అందుకే. లేని లోటుని తను రింగు తిప్పి తిప్పి పూడ్చింది.

తప్పు తెలిసిన సంతోషం కాసేపే. అది చెప్పాల్సింది అన్నయ్యకి. చెప్పకపోతే కారు ముట్టుకునే దారి లేదు. చెబితే ఆయన పద్దెనిమిదేళ్ళ మురిపెం మీద నీళ్ళు పోసినట్టే.

వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"అన్నయ్యా, నేల వంకరుంది."

కరెంటు బాబాయి నిచ్చెన మీదే ఉండిపోయాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నదిట వెనకటికెవత్తో" అన్నాడు అన్నయ్య.

"అలాగే అనుకో. ఈ కొస పట్టుకుని నువ్వే చూడు. సమంగా ఉంటే మిషను దగ్గర్నుంచి మళ్ళీ లేవను."

ఆవిడది తప్పని తేల్చడానికే ఆయన గొట్టం కొస పట్టుకున్నాడు. వంగి చూశాడు. కొసలు మార్చి చూశాడు. గొట్టం మసకగా ఉందని చొక్కాతో తుడిచి ఇంకోసారి చూశాడు. నీళ్ళకి అన్నా చెల్లెలూ అన్న తేడా లేదు, మూడుసార్లూ అదే చెప్పాయి. పక్కనున్న టైరు మీద కూలబడ్డాడు.

"పద్దెనిమిదేళ్ళు" అన్నాడు. ఆ తర్వాత తల దించుకునే అడిగాడు. "కింద ఏం పెడదాం?"

సూదక్క బతికిపోయింది. ఇనుప రేకులు కత్తిరించి పల్లానికి సరిపడా పేర్చారు. కత్తిరించింది అన్నయ్య, గొట్టం పట్టుకుని చాలు, ఇంకొంచెం అని చెప్పింది ఆవిడ. శుక్రవారం డాక్టరమ్మ మళ్ళీ బూట్లూ హెల్మెట్‌తో వచ్చి కూర్చుంది. ముందు తిప్పినదాంట్లో మూడొంతులదాకా వెనక్కి తిప్పాల్సొచ్చింది.

ఆదివారం అన్నాచెల్లెళ్ళిద్దరూ కొండ మీద మూడో వంపు దగ్గర తాడు వెనక నిలబడ్డారు. అక్కడ ఎడమ మలుపు తిరగ్గానే కుడి మలుపు వస్తుంది. ఏ బాధా దాచుకోవడానికి వీల్లేని చోటు. ముందు వెళ్ళిన కార్లు అక్కడ కీచుమని అరిచి మరీ వెళ్ళాయి. సూదక్క కొలత టేపు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. డాక్టరమ్మ కారు శబ్దం కింది వంపులో వినిపించగానే ఆవిడ కళ్ళు మూసేసుకుంది.

ఎడమ మలుపు. ఇంజను హోరు తప్ప టైర్ల అరుపు లేదు. కుడి మలుపు. అదీ అంతే. కళ్ళు తెరిచేసరికి కారు గీత గీసినట్టు పైకి పోతోంది. అన్నయ్య చెల్లెలి భుజం పట్టుకుని ఉన్నాడు. ఎప్పుడు పట్టుకున్నాడో ఇద్దరికీ తెలీదు.

మొదటి బహుమతి రాలేదు. నాలుగో స్థానం వచ్చింది. కానీ డాక్టరమ్మ కిందటేటి తన సమయం కన్నా తొమ్మిది సెకన్లు తగ్గించింది. హెల్మెట్ తీస్తూనే సూదక్క చేతులు రెండూ పట్టుకుంది.

"కారు సంగతే గుర్తురాలేదక్కా ఇవాళ. రోడ్డొక్కటే కనపడింది."

అంతకంటే పెద్ద బిరుదు ఈ పనిలో ఉండదు. సూదక్కకి ఆ సంగతి తెలుసు. ఛాతీ నిండా గాలి పీల్చుకుని, నా పనే ఇది అనుకుంది.

ఇంతలో తోలు కోటు వేసుకున్న భారీ మనిషి ఒకాయన, రెండో స్థానం వచ్చినాయన, తిన్నగా అన్నయ్య దగ్గరికొచ్చాడు. ఆ తేలిక కారుని అంత కుదురుగా నిలబెట్టింది మీరేనా మేస్త్రీ గారూ, నాదీ ఒకసారి చూడాలి అన్నాడు. చుట్టూ పదిమంది చేరారు. అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. సూదక్క అలవాటుగా ఒక అడుగు వెనక్కి వేసింది. అన్నయ్య ఆవిడ చెయ్యి పట్టుకుని ముందుకి లాగాడు.

"నేను కాదండీ, మా చెల్లెలు. ఈవిడకి చూపించండి. పద్దెనిమిదేళ్ళుగా నేను నిలబడ్డ నేలే వంకరని నా మొహం మీద చెప్పింది. మీ కారు వంకర చెప్పడానికి మొహమాటపడుతుందా?"

అందరూ నవ్వారు. సూదక్క నవ్వలేకపోయింది. నలభై ఎనిమిదేళ్ళలో అన్నయ్య ఆవిణ్ణి మెచ్చుకున్నది అదే మొదటిసారి, అదీ తన తప్పు పదిమందిలో తనే చెప్పుకుని.